మోకాలికీ చక్రానికీ ముడి

తాటిబెల్లం అభివృద్ధి మండలి వారి జీపుకి స్టీరింగ్ ఉన్నంతకాలం డ్రైవర్ దాలినాయుడికి మోకాళ్ల బాధ ఒక్కటే ఉండేది. ఆ స్టీరింగ్ కాస్తా తెలుగులో చక్రం అయిన రోజు నుంచి మిగతా బాధలన్నీ మొదలయ్యాయి.

దాలినాయుడు బాగా పొడగరి. తాళ్లవలస ఊళ్లో అతన్ని తాటిచెట్టుతో పోల్చనివాళ్లు లేరు. తాటిబెల్లం మండలి వారు ఆ ఒక్కటీ చూసే ఉద్యోగం ఇచ్చారని గిట్టనివాళ్లు అంటారు. జీపేమో పొట్టిది. దాని సీటు వెనక్కి జరగడం ఏనాడో మానేసింది. కూర్చుంటే మోకాళ్లు రెండూ స్టీరింగ్‌కి అటూ ఇటూ లేచి నిలబడేవి. క్లచ్చి తొక్కుదామని ఎడమకాలు ఎత్తితే తొడ వెళ్లి స్టీరింగ్ కింద ఇరుక్కునేది. ఇరుక్కున్న కాలు ఊడివచ్చేదాకా బండి ఎటు తిరిగి ఉంటే అటే పోయేది. అలా ఒకసారి ఆఫీసరుగారితో సహా ఒక పెళ్లిపందిట్లోకి వెళ్లిపోయాడు. పెళ్లివారు మర్యాదస్తులు గనక ఇద్దరికీ విస్తళ్లు వేసి, భోజనం పెట్టి పంపించారు.

ఆ ఆఫీసరుగారు ప్రాంతీయ సంచాలకులు త్రివిక్రమరావుగారు. పేరులో మూడడుగులే అయినా మనిషి అయిదడుగులకు కొంచెం తక్కువ. పక్కసీట్లో కూర్చుంటే ఆయన కాళ్లు కిందకి ఆనేవి కావు. అందుచేత దాలినాయుడు ఎన్నిసార్లు తన గోడు చెప్పుకున్నా, "ఇంత విశాలమైన బండిలో కాళ్లకు చోటు లేదంటావేమిటయ్యా" అని ఆశ్చర్యపోయేవారు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మోకాళ్లు కమిలి ఉండేవి. భార్య అప్పయ్యమ్మ ఉప్పుమూట వేడిచేసి కాపడం పెట్టేది. పెట్టిపెట్టి విసిగిపోయి ఒకనాడు తీర్పు చెప్పేసింది.

"నువ్వేనా పొట్టవ్వాల, ఆ బండేనా పొడుగవ్వాల. రెండూ అయ్యీవి కావు. మజ్జిలో ఉన్నదాన్ని కోయించీ, పీడా పోతాది."

మధ్యలో ఉన్నది స్టీరింగే. దాలినాయుడికి ఆ మాట మనసుకి పట్టింది. బస్టాండు పక్కన సీటు కవర్లు కుట్టే కమాలు దగ్గరికి బండి తీసుకుపోయాడు. పందేల కార్లకి స్టీరింగు అడుగు చదునుగా ఉంటుందని, అందులో డ్రైవరు కాళ్లు హాయిగా ఆడతాయని కమాలు ఫోన్లో చూసి ఉన్నాడు. చేసే అవకాశం రాక అతని చేతులు దురదపెడుతున్నాయి. స్టీరింగ్ అడుగు ముక్క కోసేసి, తిన్నటి కమ్మీ ఒకటి అడ్డంగా అతికించి, పైన నల్ల రెక్సిను తొడిగి, ఎర్రదారంతో కుట్టి ఇచ్చాడు. చూడ్డానికి అది అడుగున కొంచెం కొరికి వదిలేసిన గారెలా ఉంది.

మర్నాడు దాలినాయుడు జీపెక్కి కూర్చుంటే మోకాళ్లు రెండూ బుద్ధిగా వెళ్లి వాటి చోట అవి కూర్చున్నాయి. క్లచ్చి తొక్కాడు. కాలు లేచింది, దిగింది, ఎక్కడా తగల్లేదు. పెళ్లిపీటల మీద కూడా అతను అంత తీరుబడిగా కూర్చోలేదు. ఆ రోజు పనున్న ఊరికీ పనిలేని ఊరికీ కూడా బండి తిప్పుకొచ్చాడు. త్రివిక్రమరావుగారు దారిలో ఒకచోట తల తిప్పి చూసి, "ఇదేమిటయ్యా, అడుగు ఊడిపోయిందా?" అన్నారు.

"ఊడలేదండి, నానే కోయించీసాను. ఆఫీసు డబ్బులు కావండి, నాయే."

"అలాగయితే అభ్యంతరం లేదు" అని ఆయన మళ్లీ కునుకు తీశారు. లోకంలో న్యాయమనేది ఉంటే ఈ కథ అక్కడితో అయిపోవాలి.

కాని ఆఫీసులో సూపరింటెండెంటు విశ్వపతిగారు ఉన్నారు. ఆ సంవత్సరం ఆఫీసులన్నిట్లో తెలుగులోనే రాయాలని పైనుంచి గట్టిగా ఆదేశం వచ్చింది. మిగతా ఆఫీసులవాళ్లు రెండు బోర్డులు మార్చి ఊరుకున్నారు. విశ్వపతిగారు మాత్రం దాన్ని తపస్సుగా తీసుకున్నారు. జీపులోని ప్రతి సామానుకీ ఆయన పేరు పెట్టారు. క్లచ్చి వియోగిని అయింది. హారను హెచ్చరిక శంఖం అయింది. స్టెప్నీ టైరు ఆపద్బాంధవ చక్రం అయింది. స్టీరింగ్‌కి ముందు చోదక చక్రం అని పెట్టారు గాని, రాత్రంతా ఆలోచిస్తే అందులో ఒక దోషం కనిపించింది. దాన్ని పట్టుకునేవాడు ఎలాగూ చోదకుడే. చోదకుడి చక్రాన్ని మళ్లీ చోదక చక్రం అనడం పునరుక్తి. భాష తెలిసినవాడు చేయవలసిన పని కాదు. కనక ఆ మొదటి మాట కొట్టేసి ఉత్త చక్రం అని ఖాయం చేశారు.

అదే సమయానికి బండి స్థితిగతుల మీద ఏటేటా పంపే నివేదిక రాయవలసి వచ్చింది. విశ్వపతిగారు దాలినాయుణ్ణి పిలిపించారు.

"చోదకా, ఈ సంవత్సరమున వాహనమునందేమైనా మార్పు సంభవించినదా?"

"స్టీరింగ్ అడుగు కోయించీసానండి. మోకాలికి తగిలేస్తంటేని."

విశ్వపతిగారు కలం విదిలించి, నివేదికలో ఇలా రాశారు: "చోదకుని మోకాలి సౌకర్యార్థము వాహన చక్రము అడుగు భాగమున కోయించి చదును చేయడమైనది."

ప్రధాన కార్యాలయం వారు ఆ వాక్యం చదివి నిర్ఘాంతపోయారు. ఏ శాఖలోనైనా డ్రైవర్లు టైర్లు అరగదీస్తారు, పేలుస్తారు, ఒక్కోచోట అమ్ముకుంటారు కూడా. అడుగు కోసి చదును చేసిన డ్రైవరు గురించి వాళ్లు వినలేదు. పైగా మండలి నియమావళిలో ఒక నియమం ఉంది. పూర్వం ఎవరో ఒక అధికారి జీపుకి ముందు జీపు టైర్లూ వెనక ట్రాక్టరు టైర్లూ వేయిస్తే, అందులో కూర్చున్నవాళ్లందరూ ముందుకు జారిపోయారట. అప్పటినుంచి "వాహనమునకు గల చక్రములన్నియు ఏకరూపమున ఉండవలెను" అని పెట్టారు. కారణం అందరూ మరిచిపోయారు, నియమం మిగిలింది.

"చక్రము కోసిన కారణమేమి? అడుగు చదునైన చక్రముతో వాహనమెట్లు నడచుచున్నది? తక్షణమే సంజాయిషీ తెలుపవలెను" అని కాగితం వచ్చింది.

త్రివిక్రమరావుగారికి చెమటలు పట్టాయి. విశ్వపతిగారికి పట్టలేదు. ఆయన చాలా స్పష్టంగా జవాబు రాశారు: "ప్రస్తావిత చక్రము నేలను తాకునది కాదు. కావున నడకకు భంగము లేదు."

"నేలను తాకని చక్రమా? వాహనము ఒక ప్రక్కకు ఒరిగి ఉన్నదా?" అని వాళ్లు అడిగారు.

"ఒరగలేదు. సదరు చక్రము చోదకుని చేతిలో ఉన్నది" అని ఈయన రాశారు.

దీనికి మాత్రం జవాబు తంతిలా వచ్చింది. "చక్రమును ఊడదీసి చోదకుడు చేత పట్టుకొని తిరుగుట ఘోరమైన క్రమశిక్షణారాహిత్యము. తక్షణమే దానిని అతని చేతినుండి స్వాధీనము చేసుకొని యథాస్థానమున బిగించవలెను. విచారణ ముగియువరకు వాహనము కదలరాదు."

దాలినాయుడు పరుగున వెళ్లి విశ్వపతిగారి బల్లముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"బాబూ, స్టీరింగ్ అని ఒక్క ముక్క రాసీయండి. ఆళ్లకి బోధపడిపోతాది."

విశ్వపతిగారు కళ్లద్దాలు తీసి అతన్ని జాలిగా చూశారు. "ఈ కలము ఉగాదినుండి ఒక్క ఆంగ్ల పదమును వ్రాయలేదు, నాయుడూ. ఒక్క మోకాలి కొరకు దీక్ష భంగపరచమందువా?"

"పోనీ నా డబ్బులతోనే మళ్లీ గుండ్రందే ఏయించీస్తానండి. గొడవొగ్గీండి."

"ఎంతమాట. అది ఇప్పుడు విచారణలో ఉన్న చక్రము. సాక్ష్యమును తారుమారు చేసినట్లగును" అన్నారు విశ్వపతిగారు. అప్పటికే ఆయన కమాలు దగ్గరనుంచి కోసిన ముక్కని కూడా తెప్పించి, చక్ర శకలం అని చీటీ కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం సామెతలోనే ఉంది గాని, మోకాలికీ చక్రానికీ ముడిపెట్టినవాళ్లు తాళ్లవలసలోనే పుట్టారు. ఆ ముడి దాలినాయుడి మెడకి బిగిసింది. కదలని బండికి డ్రైవరెందుకని ప్రధాన కార్యాలయం వారికి సందేహం వచ్చింది. విచారణలో నియమోల్లంఘన రుజువైతే అతన్ని బెల్లం గోదాములో తూకందారుగా వేయాలని ముందే నిశ్చయించేశారు.

ఆ కాగితం సంగతి విన్నాక దాలినాయుడికి అన్నం దిగలేదు. అతనికి వచ్చిన పని ఒక్కటే, బండి నడపడం. తెల్లారకట్ల ఊరు దాటి, తాళ్ల వరసల మధ్యనుంచి మట్టిరోడ్డు మీద పోతుంటే మొహానికి తగిలే గాలంటే అతనికి ప్రాణం. గోదాములో గాలి లేదు. తక్కెడా, బస్తాలూ, చీమలూ ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది.

"పోన్లే, గోదాంలో కాళ్లు చాపుకోడానికి కావలసినంత చోటుంటాది" అని అప్పయ్యమ్మ ఓదార్చబోయింది.

"కాళ్లు చాపుకోడానికి బండి కావాలి గాని, గోదాం ఎందుకే" అని దాలినాయుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బండి షెడ్డులో పడి ఉంది. ప్రధాన కార్యాలయం వారి విచారణకి తొందర అన్నది తెలియదు. ఎండలొచ్చి వెళ్లాయి, వానలొచ్చాయి. రోజుకొకసారి దాలినాయుడు వెళ్లి అద్దం తుడిచి, సీట్లో కాసేపు కూర్చుని, కాళ్లు ఆడించి చూసుకుని, దిగి వచ్చేసేవాడు. కదలని బండి టైర్లలో గాలి ఎంతకాలం నిలుస్తుంది? మెల్లిమెల్లిగా నాలుగూ దిగిపోయాయి. గాలి కొడతానంటే విశ్వపతిగారు ఒప్పుకోలేదు. విచారణలో ఉన్న వాహనంలో ఏదీ మార్చకూడదట. స్టెప్నీ టైరు ఆఫీసు మూలన నిలబెట్టి ఉంది. దాని మీద ఎవరో పాత దస్త్రాల మూట ఎక్కించారు, అదీ అడుగున అణిగిపోయింది.

చివరికి విచారణాధికారి వచ్చారు. ఆయన సంయుక్త సంచాలకులు ఏకామ్రనాథంగారు, ఏకరూపత విషయంలో మండలి అంతటికీ ఆయనే ప్రమాణం. మాసిన టేపూ, చెక్క స్కేలూ వెంట తెచ్చుకున్నారు. షెడ్డులోకి వెళ్లగానే ఎవరితోనూ మాట్లాడకుండా ముందు ఎడమ టైరు దగ్గర వంగారు.

"అడుగు చదును" అని గుమాస్తా చేత రాయించారు. కుడి టైరు దగ్గరికి వెళ్లారు. "ఇదియును చదును." వెనకవి రెండూ చూశారు. వాటినీ చదునుగానే రాయించారు. ఆఫీసులోకి వెళ్లి దస్త్రాల మూటకింద ఆపద్బాంధవాన్ని చూశారు. అదీ అంతే. ఆయన మొహంలో మెల్లిగా వెలుగు రావడం మొదలైంది.

"ఇంతేనా? చోదకుని చేతిలోని చక్రమని వ్రాసితిరే, అదెక్కడ?"

దాలినాయుడు జీపు తలుపు తీసి స్టీరింగ్ చూపించాడు. ఏకామ్రనాథంగారు స్కేలు తీసి దాని అడుక్కి ఆనించారు. స్కేలుకీ కమ్మీకీ మధ్య వెంట్రుక పట్టే సందు లేదు.

"త్రివిక్రమరావుగారూ, నా ఉద్యోగకాలములో ఇంతటి ఏకరూపతను నేను చూడలేదు" అన్నారు ఆయన. "ఎచ్చటనో ఒక చక్రము వేరుగా ఉన్నదని కదా మాకు అందిన సమాచారము. ఇచ్చట ఆరు చక్రములును అడుగున చదునే. నియమము అక్షరాలా పాటింపబడినది. ఈ చోదకునిపై ఆరోపణ నిరాధారము."

దాలినాయుడు ఆయన కాళ్లకి దండం పెట్టాడు. గోదాము తప్పిపోయింది. "ఇంక బండి తియ్యొచ్చాండి?"

"నిరభ్యంతరముగా."

"అయితే గాలి కొట్టించుకొచ్చీస్తానండి."

"గాలియా?" ఏకామ్రనాథంగారు నుదురు చిట్లించారు. "గాలి కొట్టినచో ఇవి గుండ్రమగును. ఆ చేతిలోనిది చదునుగా మిగులును. ఏకరూపత ఏమి కావలెను? వాహనమును యథేచ్ఛగా వాడుకొనుడు. చక్రముల ఆకారము మాత్రము మార్చరాదు."

కాగితం మీద జీపు నడిచే బండి అయింది. నడిచే బండి ఉన్నాక ఆఫీసరుగారు పర్యటనలు చేయకపోతే తప్పు. త్రివిక్రమరావుగారు ఉదయం పదింటికి జీపెక్కి కూర్చునేవారు. దాలినాయుడు ఇంజను స్టార్టు చేసి, శంఖం ఒకసారి మోగించి, చక్రం అటూ ఇటూ తిప్పేవాడు. దూరపు ఊళ్లకి ఎక్కువసేపు తిప్పాలి. చూడవలసిన బెల్లం బట్టీలవాళ్లకి ముందుగా కబురు వెళ్లేది. వాళ్లు బస్సెక్కి వచ్చి, షెడ్డులో జీపు పక్కన వరసగా నిలబడి, తమ ఊరు వచ్చిందని చెప్పేవారు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి బాగోగులు అడిగి, ముందుకి పోనియ్యమనేవారు.

సీతానగరం పక్కనుంచి వచ్చిన గవరమ్మ అనే ముసలామె మాత్రం ఊరుకోలేదు. నెత్తిన బెల్లం గంపతో దాలినాయుడి దగ్గరికి వచ్చి అడిగింది.

"ఒరే నాయుడూ, మాకు గంప మోసుకుని రైలుటేసనుకి ఎల్లడానికే దిక్కు నేదు. మీరు మా ఊరొచ్చీది నిజిమైతే ఓపాలి ఈ గంప ఎక్కించుకోవొచ్చు కదరా."

"బండి కదిల్తే నిన్నే ముందు ఎక్కిస్తాను, అప్పా" అన్నాడు దాలినాయుడు. ఆ మాట అంటుంటే అతనికి సిగ్గేసింది. కాళ్లకి చోటు దొరికింది గాని, ఆ కాళ్లతో ఎక్కడికీ వెళ్లేది లేకుండా పోయింది.

ఏడాది తిరిగేసరికి తాళ్లవలస లెక్కలు చూసి ప్రధాన కార్యాలయం మురిసిపోయింది. ఇంతకన్నా ఎక్కువ పర్యటనలు ఏ జిల్లాలోనూ జరగలేదు. ఒక్క ప్రమాదం లేదు. టైరు అరుగుదల లేదు. ఒక్క పంక్చరైనా లేదు. దాలినాయుడికి ఉత్తమ చోదకుడని శాలువా కప్పారు. "తాళ్లవలస పద్ధతి"ని రాష్ట్రమంతటా అమలు చేయాలని ఉత్తర్వు వెళ్లింది. అన్ని జిల్లాల్లోనూ స్టీరింగులు కోశారు, టైర్లలో గాలి తీశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని, ఒక జిల్లావారు సైకిళ్లకి కూడా తీయించారు.

ఆ పద్ధతిని పుట్టినచోటే చూడాలని మండలి అధ్యక్షుల వారికి కోరిక పుట్టింది. వారి కారు కూడా ఉత్తర్వు ప్రకారం చదునై ఉన్నందువల్ల రైల్లో వచ్చి, స్టేషన్నుంచి ఆటోలో ఆఫీసుకి చేరారు. అధ్యక్షుల వారు నిలువుకన్నా అడ్డం ఎక్కువున్న మనిషి. ఆటో ఆయన్ని దించి ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది. జీపు చూశారు, చక్రాలు చూశారు, తాటిబెల్లం పాయసం తాగారు. బాగుందని మళ్లీ తాగారు. ఇంతలో వాన పట్టుకుంది. గడియారం చూసుకుంటే తిరుగు రైలుకి వేళైపోతోంది.

"అయ్యా, ఆటో పిలిపించమంటారా?" అన్నారు త్రివిక్రమరావుగారు భయపడుతూ.

"రాష్ట్రములోకెల్ల ఉత్తమ వాహనమును ముందుంచుకొని ఆటో ఎందుకయ్యా" అంటూ అధ్యక్షుల వారు వెళ్లి జీపెక్కారు. స్ప్రింగులు మూలిగాయి. ఆ బండి కదలదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కదులుతుందని కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే.

దాలినాయుడు ఇంజను స్టార్టు చేసి, శంఖం మోగించి, అలవాటు ప్రకారం చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. అధ్యక్షుల వారు కొంతసేపు వాన చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఎదురుగా గోడమీది క్యాలెండరు కేసి చూశారు. అది ఎంతసేపటికీ వెనక్కి పోవడం లేదు.

"ఏమయ్యా, ఊరు దాటామా?"

దాలినాయుడు చక్రం వదిలేశాడు. ఆ క్షణాన అతనికి గోదామన్నా భయం పోయింది. "షెడ్డు దాటలేదండి. ఏడాదినుంచీ దాటలేదు. టైర్లలో గాలి నేదండి. గాలి కొడితే రూలు ఒప్పదు, కొట్టకపోతే బండి ఒప్పదు. తమరు ఊ అంటే ఇప్పుడే కొట్టీస్తాను. రైలు దొరుకుతాది. తరవాత నన్నేటి చేసినా సరేనండి."

అధ్యక్షుల వారు త్రివిక్రమరావుగారి కేసి చూశారు. ఆయన విశ్వపతిగారి కేసి చూశారు. విశ్వపతిగారికి చూడడానికి ఎవరూ మిగల్లేదు.

"రైలు తప్పినచో రేపు మంత్రిగారి సమావేశము తప్పును. సమావేశము తప్పినచో మీలో ఎవరును మిగలరు" అన్నారు అధ్యక్షుల వారు.

గాలి కొట్టే పంపు వచ్చింది. బయట బురదగా ఉంది గనక అధ్యక్షుల వారు దిగనన్నారు. ఆయన్ని మోస్తూనే టైర్లు ఒక్కొక్కటీ లేచాయి. విశ్వపతిగారు గొడుగు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతూ, పోతున్న ఏకరూపతని కళ్లారా చూడలేక చూస్తున్నారు. వెనక ఎడమ టైరు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయారు. పంచె ఎగ్గట్టి, బురదలో మోకాళ్ల మీద కూలబడి, జేబులోంచి స్కేలు తీశారు. టైరు గుండ్రంగానే ఉంది, కాని అధ్యక్షుల వారి బరువుకి నేలకానిన చోట కాస్త అణిగి ఉంది. స్కేలు అక్కడ బెత్తెడు మేర నిక్కచ్చిగా ఆనింది.

"చదును" అని విశ్వపతిగారు గొణిగారు. మిగతా మూడూ పాకుతూ చూసుకొచ్చారు. స్టెప్నీ సంగతి ఆయనకి బెంగలేదు, దాని మీద దస్త్రాలున్నాయి. లేచి నిలబడి, బురద చేతులతో నమస్కారం పెట్టారు. "మహాప్రభో, ఏకరూపత నిలిచియున్నది. తమరు దిగనంతవరకు నియమమునకు వచ్చిన లోటు లేదు."

"అయితే పోనీ" అన్నారు అధ్యక్షుల వారు. విశ్వపతిగారు స్కేలుతో సహా వెనకసీట్లోకి ఎక్కారు.

దాలినాయుడు క్లచ్చి తొక్కాడు. కాలు హాయిగా దిగింది. గేరు పడింది, జీపు షెడ్డులోంచి వానలోకి దూకింది. వానచినుకులు కలిసిన గాలి వచ్చి మొహానికి కొడితే అతనికి కళ్లు చెమర్చాయి. మలుపుల్లో మోకాళ్ల పక్కనుంచి స్టీరింగ్ సాఫీగా తిరుగుతోంది. ఇంత సుఖం ఇన్నాళ్లూ షెడ్డులో పెట్టి కుళ్లబెట్టారు కదా అనుకుని, ఎదురుగా ఏమీ లేకపోయినా శంఖం గట్టిగా మోగించాడు. స్టేషను చేరేసరికి రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది.

అధ్యక్షుల వారు దిగారు. దిగీ దిగగానే జీపు పైకి లేచింది. వెనకసీట్లోంచి దిగిన విశ్వపతిగారు కంగారుగా వంగి స్కేలు ఆనించారు. టైర్లు గుండ్రమైపోతున్నాయి.

"నాయుడూ, కదలకు. భారము లేక ఈ వాహనము తిరిగి పోరాదు."

"భారం నాను తెస్తానుండండి" అని దాలినాయుడు స్టేషనులోకి పరుగెత్తాడు. గవరమ్మా, ఆమెతోటి నలుగురు ఆడవాళ్లూ పొద్దుటి రైలందక, తడిసిపోయి, గంపలు దగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అందర్నీ గంపలతో సహా తెచ్చి జీపులో ఎక్కించాడు. విశ్వపతిగారు ప్రతి గంపకీ వంగి చూస్తూ, "ఇంకొకటి... ఇంకొకటి..." అన్నారు. ఆఖరి గంపకి టైరు చక్కగా అణిగింది. మండలి పుట్టాక మండలి జీపులో తాటిబెల్లం ఎక్కడం అదే మొదలు.

ఆ మరునాడే త్రివిక్రమరావుగారు ఉత్తర్వు జారీచేశారు. ఏకరూపతా పరిరక్షణార్థము తగిన భారము లేకుండా జీపు కదలరాదు, భారము నిమిత్తము బెల్లము గంపలను వినియోగించవలెను అని. అప్పటినుంచి దాలినాయుడు తెల్లారకట్ల బయల్దేరి, ఊరూరా గంపలు ఎక్కించుకుని సంతకీ స్టేషనుకీ చేరుస్తున్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసమన్నాడట వెనకటికొకడు. ఇక్కడ చక్రాలు చదును కావడం కోసం బెల్లం బజారుకి చేరుతోంది. గవరమ్మకి కారణంతో పనిలేదు. ముందుసీట్లో కాళ్లు బారచాపి కూర్చుని, "ఇప్పుడొచ్చినాదిరా మీ ఆఫీసు మా ఊరు" అంటుంది.

ఇలా ఉండగా ప్రధాన కార్యాలయంనుంచి ఒక కాగితం వచ్చింది. "తాళ్లవలస పద్ధతి సర్వత్రా ప్రశంసింపబడుచున్నది. అయినను పూర్వపు విచారణలో ఒక విషయము తేలలేదు. సదరు చక్రము ఇప్పటికిని చోదకుని చేతిలోనే ఉన్నదా? ఉన్నచో ఎందులకు? మరుటపాలో తెలుపవలెను."

విశ్వపతిగారు కళ్లద్దాలు తుడుచుకుని, తెల్లకాగితం తీసి, కలం విదిలించారు. బెల్లం గంపలు దించి వచ్చిన దాలినాయుడు గుమ్మంలో నిలబడి అది చూశాడు. నేరుగా వచ్చి ఆ కాగితం మీద చెయ్యి ఆనించాడు.

"దీనికి మటుకు జవాబు రాయకండి బాబూ. బండి నడుస్తన్నాది."

విశ్వపతిగారు అతని చేతికేసి చూశారు. తర్వాత షెడ్డు బయట ఆగి ఉన్న జీపుకేసి చూశారు. వచ్చిన ఉత్తరానికి బదులు రాయకుండా ఉండడం ఆయన ఉద్యోగంలో ఎన్నడూ లేదు. ఆయన కలానికి మూత పెట్టి, ఆ కాగితాన్ని ఆపద్బాంధవ చక్రం మీది దస్త్రాల మూటలో దోపారు. కాస్త భారానికి అదీ పనికొస్తుంది.